కవిగారూ, ఆ కోయిల మగది

విశాఖలో ప్రకృతి మీద కవి సమ్మేళనం అని ఆహ్వానం వస్తే అక్కడ ఏం జరగబోతోందో నాకు ముందే తెలిసిపోతుంది. జూన్ 5, అదే పర్యావరణ దినోత్సవం, దగ్గరపడుతూ ఉంటుంది. ఏసీ హాలు. వెనక ఫ్లెక్సీ, దాని మీద నెట్‌లోంచి దింపిన ఏ దేశానిదో పైన్ చెట్ల అడవి. పాతిక ముప్ఫైమంది కవులం వరసగా లేచి చెట్టు అమ్మ అంటాం, నది అమ్మ అంటాం, నేల ఎలాగూ అమ్మే. మనిషి మాత్రం రాక్షసుడు. గొడ్డలి తప్పకుండా వస్తుంది. ఈ ఊళ్ళో గొడ్డలితో చెట్టు కొడుతున్నవాణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో ఎవరూ ఆలోచించరు. ఇప్పుడు ఆ పని చేసేవి జేసీబీలు, మిషను రంపాలు. కవితలయ్యాక శాలువాలు, టిఫిన్లు. బయటికొచ్చాక హాలు ముందున్న చెట్టు పేరేమిటని అడిగితే అందరూ పక్కవాడి వైపు చూస్తారు.

ఇలాంటి వాటితో విసిగి కొంతమందిమి వేరే పని మొదలుపెట్టాం. సంస్థేమీ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఏం పేరు పెట్టాలన్న చర్చ వాట్సాప్ గ్రూపులో ఇంకా తేలలేదు. కొందరు కవులు, రిటైరైన జువాలజీ మేష్టారు ఒకాయన, బోటనీ చదువుతున్న ఇద్దరు పిల్లలు, ఇంటర్ బైపీసీ పిల్లలు కొందరు, జాలరిపేట నుంచి చేపలమ్ముకునే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో పడే ఆదివారం, సముద్రం బాగా వెనక్కి తగ్గే వేళ చూసుకుని, తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరో రుషికొండ వైపో యారాడలోనో కలుస్తాం. కాసేపు చూస్తాం. కాసేపు రాస్తాం. తర్వాత రాసింది చదువుతాం, మేష్టారు తప్పులు పడతారు.

ఆ చివరి ముక్క గురించే ఇదంతా రాస్తున్నాను. ప్రకృతి మీద రాసే కవిత్వాన్ని దిద్దే అధికారం జీవశాస్త్రానికి ఉండాలని నేనంటాను. ఈ మాట అన్నందుకు సాహిత్య మిత్రులు కొందరు నా ఫోన్ ఎత్తడం తగ్గించారు. అంచేత కొంచెం వివరంగానే చెప్తాను.

గొడవ మొదలైంది కోయిలతో. ఎవరి గొడవైనా కోయిలతోనే మొదలవుతుంది కదా మనకి. ఒక సీనియర్ కవిగారు, పిల్లల కోసం గూడు అల్లుకుంటూ అలసటలోనూ పాడే కోయిలమ్మ మీద ఒక కవిత చదివారు. గొంతు మంచిది, బాగానే చదివారు. మేష్టారు చెయ్యెత్తారు. "కవిగారూ, పాడేది మగదండీ. ఆడది పాడదు. గోధుమరంగు మీద తెల్ల చుక్కలుంటాయి, కిక్కిక్కుమని అరుస్తుంది, అంతే. గూడు రెండూ కట్టవు." కవిగారికి కోపం వచ్చింది. "కవిత్వం అంటే మీ ప్రాక్టికల్ రికార్డు కాదు మేష్టారూ" అన్నారు. ఆయన చాలా మర్యాదగా, "కాదనుకోండి. కానీ కాకి పడ్డ కష్టాన్ని తీసుకెళ్ళి కోయిల ఖాతాలో రాయకండి" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు కవిగారి మీద జాలేసింది. ఎందుకంటే అసలు కథ ఆయన రాసిన కవిత కంటే చాలా పెద్దది. మగ కోయిల గొంతు చించుకుని అరుస్తుంటే కాకులు దాన్ని తరుముకుంటూ పోతాయి, ఆ సందులో ఆడది గూట్లో దూరి గుడ్డు పెట్టేసి వెళ్ళిపోతుందని పక్షుల్ని కనిపెట్టి చూసినవాళ్ళు రాశారు. పిల్ల బయటికొచ్చాక దాని నోట్లో ఆహారం పెట్టేది కాకి. ఇందులో మోసం ఉంది, దాంపత్యం ఉంది, అన్యాయంగా నెత్తిన పడ్డ చాకిరీ ఉంది, వసంతమంతా మనం మెచ్చుకునే పాట వెనక ఒక నేరం ఉంది. ఇంత సరుకు చేతిలో ఉండగా "అలసిన తల్లి" దగ్గర ఆగిపోవడం దేనికి?

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు: కవిసమయం, అంటే నిజం కాకపోయినా కవులంతా ఒప్పుకుని వాడుకునే మాట. చకోరం వెన్నెల తాగదు, హంస పాలూ నీళ్ళూ వేరుచెయ్యదు, అయినా వేల పద్యాలున్నాయి, వాటన్నిటినీ మీ మేష్టారు కొట్టేస్తారా అని. కొట్టెయ్యరు. చకోరం అనగానే అది నిజం పక్షి కాదనీ కావ్యంలో పక్షి అనీ చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ తెలుసు. అక్కడ మోసం లేదు. కానీ కవిసమయం అనే మాట అడ్డం పెట్టుకునేవాళ్ళు ఆ మాటకి రాజశేఖరుడు ఇచ్చిన వివరణ కూడా చదవాలి. వెయ్యేళ్ళ కిందటి ఆలంకారికుడు ఆయన. పూర్వపు పండితులు శాస్త్రాలు చదివి, దేశాలూ ద్వీపాలూ తిరిగి, అక్కడ తెలుసుకున్నవాటిని కవిత్వంలో పెట్టారనీ, దేశం మారి కాలం మారి అవి ఇప్పుడు అలా లేకపోయినా అలాగే కట్టడాన్ని కవిసమయం అంటారనీ కావ్యమీమాంసలో చెప్పాడు. అంటే ఆయన లెక్కలో కవిసమయానికి మొదట్లో ఉన్నది తిరగడం, చూడడం. మనం ఆ మొదటి సగం వదిలేసి, రెండో సగాన్ని లైసెన్సుగా పెట్టుకున్నాం.

సరిగ్గా చూస్తే ఏం వస్తుందో తెలుగులోనే ఉదాహరణ ఉంది. ఆముక్తమాల్యదలో బాతుల పద్యం. తెల్లవారుజామున పొలం కాలవల్లో బాతులు రెక్కల్లో తల దూర్చుకుని నిద్రపోతున్నాయి. కాపలావాళ్ళు వాటిని చూసి, స్నానానికొచ్చిన బ్రాహ్మలు మరిచిపోయిన పంచెల ముద్దలనుకుని, తీసుకెళ్ళి ఇళ్ళకి చేరుద్దామని నీళ్ళలోకి దిగుతారు. అవి కాస్తా లేచి పారిపోతాయి. వరిచేల కాపలా ఆడపిల్లలు అది చూసి నవ్వుతారు. బాతు ఎలా నిద్రపోతుందో తెలియనివాడు ఆ పద్యం రాయలేడు. ఆ హాస్యం మొత్తం ఒక జువాలజీ సంగతి మీద నిలబడి ఉంది. పైగా అందులో మనుషులు పొరబడతారు, జంతువు కదిలి ఆ పొరపాటుని దిద్దుతుంది. మా ఆదివారం సమావేశాల్లో జరిగేది కూడా దాదాపు ఇదే, నవ్వే ఆడపిల్లల పాత్ర మా బైపీసీ పిల్లలు పోషిస్తారు.

ఇంకొక సంగతి, ఈ ఊరివాళ్ళు మరిచిపోయేది. శ్రీశ్రీ చదివింది జువాలజీ. 1931లో మద్రాసులో ఆ సబ్జెక్టుతో బి.ఎ. పూర్తిచేసి, 1935లో ఇక్కడి మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాడు. బీచిలో ఆయన విగ్రహం దగ్గర ఫొటోలు దిగే మనం, సైన్సు చదివితే కవిత్వం ఎండిపోతుందని పిల్లలకి చెప్తూ ఉంటాం.

మేం పెట్టుకున్న షరతులు తక్కువే. ప్రకృతి, అమ్మ, పచ్చదనం, ఈ మూడు మాటలూ వాడకూడదు. ఒకే జీవి గురించి రాయాలి. ఆ జీవి నిజంగా చేసే పని ఒకటైనా క్రియగా కవితలో ఉండాలి. మొదటి షరతుకే చాలామంది కలం ఆగిపోయింది. "ప్రకృతి" అన్న మాటకున్న సౌకర్యం అదీ, ఒక్క జీవినీ ఎరగకుండా అన్నిటినీ ప్రేమించెయ్యొచ్చు.

తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద తెల్లగా, గరుగ్గా, కాళ్ళు కోసేసేలా అంటుకుని ఉండే గుల్లలు చూసే ఉంటారు. పడవల అడుగున కూడా పడతాయి, గీకి పారేస్తారు. వాటిని బార్నకిల్స్ అంటారు. పేరుకి గుల్లలే కానీ అవి నత్తల జాతి కాదు, రొయ్యలకీ పీతలకీ బంధువులు. డార్విన్ జాతుల పుట్టుక మీద పుస్తకం అచ్చువెయ్యడానికి ముందు 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు వీటితోనే కూర్చున్నాడు. మాలో ఒకావిడ, బ్యాంకులో పనిచేస్తుంది, వాటి మీద మొదట ఇలా రాసింది:

రాతిని కౌగిలించుకున్న
మౌన తపస్విని
అలలెన్ని కొట్టినా
చలించని నిన్ను చూసి నేర్చుకుంటాను

మేష్టారు విని, "చలించకపోవడం ఏమిటమ్మా, అది చేసేదంతా తన్నుకోవడమే" అన్నారు. చిన్నప్పుడు సముద్రంలో ఈదుతూ తిరుగుతుంది. చోటు నచ్చాక తలని రాతికి అతికించేసుకుని, చుట్టూ సున్నపు గోడలు కట్టుకుని, ఇక జన్మంతా తలకిందులుగా అక్కడే. నీళ్ళు పైకి వచ్చినప్పుడు పైనున్న తలుపులు తెరిచి కాళ్ళు బయటపెట్టి, ఆ కాళ్ళతో నీళ్ళని తోడుతూ తిండి లోపలికి లాక్కుంటుంది. నీళ్ళు తగ్గితే తలుపులు మూసేస్తుంది. ఆవిడ ఇంటికెళ్ళి మళ్ళీ రాసి తెచ్చింది:

తల రాతికి అప్పగించేశావు
కాళ్ళతో సముద్రాన్ని
నోట్లోకి తోసుకుంటున్నావు
పోటు ఉన్నంతసేపే నీకు పగలు
తర్వాత తలుపేసుకుని
ఉప్పు ఆరకుండా కాచుకుంటావు

మొదటి కవిత బార్నకిల్ బదులు బండరాయి గురించో కొండ గురించో దేవుడి గురించో అయినా ఒక్క మాట మార్చకుండా సరిపోయేది. రెండోది దాని గురించి తప్ప ఇంక దేని గురించీ కాదు. "పోటు ఉన్నంతసేపే నీకు పగలు" అనే వాక్యం ఆవిడకి తపస్సు నుంచి రాలేదు, మేష్టారు ఆక్షేపణలోంచి వచ్చింది. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు, అక్కర్లేదనే అనుకుంటున్నాను.

అయితే సైన్సు ప్రతిసారీ కత్తిరించదు. ఒకసారి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళాం. యునెస్కో వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో 2025లో చేరాయి అవి, కాబట్టి ఈమధ్య అక్కడ సెల్ఫీలు పెరిగాయి. ఒక కుర్రాడు "నేల నెత్తురు" అని రాశాడు. అరిగిపోయిన ఉపమానం, మేష్టారు చీల్చేస్తారనుకున్నాం. ఆయన గడ్డం గోక్కుని, ఆ ఇసుక రేణువుల చుట్టూ ఉన్న ఎరుపు ఇనుప ఆక్సైడుదే, మన నెత్తురు ఎరుపుకీ హిమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుమే ఆధారం, ఇది ఒప్పుకోవాల్సిందే అన్నారు. కుర్రాడికి ఆ సంగతి తెలిసి రాయలేదు, నిజం చెప్పాలంటే. రెండో ప్రతిలో మాత్రం తెలిసి రాశాడు.

ఇక బైపీసీ పిల్లల గురించి. మన ఊళ్ళో బైపీసీ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటికి బస్సెక్కి రాత్రి తొమ్మిదింటికి దిగే పిల్లలు. ఎకైనోడెర్మేటా (సీ అర్చిన్ లాంటి ముళ్ళ ఒంటి సముద్రజీవుల వర్గం), జలప్రసరణ వ్యవస్థ, నాళికా పాదాలు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. వాళ్ళలో ఒకమ్మాయి యారాడ దగ్గర రాతి గుంటలో నల్లటి సీ అర్చిన్‌ని మొదటిసారి బతికుండగా చూసింది. ముళ్ళ మధ్యలోంచి సన్నటి నాళికా పాదాలు చాపి ముడుచుకుంటోంది అది. ఆ పిల్ల చాలాసేపు చూసి, "సార్, దీనికి నన్ను చూస్తే భయమేస్తోందా?" అంది. మెదడు లేదు, నాడీ వలయం ఉంది, వెలుగు మారితే తెలుస్తుంది, భయమనాలో వద్దో చెప్పలేను అన్నారాయన. సీ అర్చిన్ మీద ఈ పిల్ల ఎన్ని బిట్లు రాసి ఉంటుందో, అందులో ఒక్కటీ ఈ ప్రశ్న కాదు.

కాబట్టి బేరం ఒకవైపే ఉంటుందని నేననను. కవిత్వం పిల్లల చేత బయాలజీ మింగించడానికి పూసే తేనె అని కొందరు టీచర్లు అనుకుంటారు, ఫొటోసింథసిస్ మీద బుర్రకథ, డీఎన్ఏ మీద పేరడీ పాట వగైరా. నాకు అవంటే చిరాకు. కవిత్వం చేసే పని ఏమిటంటే మనిషిని ఒక్కచోట కూర్చోబెట్టడం. ప్రకృతి ప్రేమికుల్లో లిస్టుల జబ్బు ఒకటుంది, గంటలో ఎన్ని జాతులు చూశాం, నీకెన్ని నాకెన్ని. అలాంటి ఒక బోటనీ కుర్రాణ్ణి కవిత రాయాలన్న షరతు వల్ల ఒక లింపెట్ ముందు కూర్చోబెట్టాల్సి వచ్చింది. రాయికి బోర్లా అంటుకుని ఉండే కోసు గుల్ల అది, నీళ్ళొచ్చినప్పుడు కదిలి రాతి మీది నాచు గీరి తింటుంది. కొన్ని లింపెట్ జాతులు మేత అయ్యాక మళ్ళీ సరిగ్గా తమ పాత చోటికే వచ్చి కూర్చుంటాయి. కుర్రాడు "నువ్వు రోజూ ఈ ఇంటికే వస్తావా" అన్న వాక్యంతో కవిత మొదలుపెట్టి, మేష్టారిని అడిగాడు. మన తీరంలో ఇవి వస్తాయో లేదో నేను చూడలేదు అన్నారాయన. అక్కణ్ణించి నెయిల్ పాలిష్ వచ్చింది. గుల్ల మీద ఒక చుక్క, పక్కన రాతి మీద అదే రంగు చుక్క. తర్వాత వెళ్ళి చూస్తే కొన్ని చోటు మీదే ఉన్నాయి, కొన్ని లేవు, సగం చుక్కల్ని అలలు కడిగేశాయి. దీన్నిబట్టి ఏమీ తేల్చకూడదని మేష్టారు గట్టిగా చెప్పారు. కవిత ఇంకా పూర్తికాలేదు. నాకు ఆ అసంపూర్తి కవితంటే ఇష్టం.

ఇలాంటి పనికి ఈ ఊరు కొత్త కూడా కాదు. 1962లో ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీవాళ్ళు, పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు గార్లు, వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల మధ్య బతికే జీవుల గురించి పరిశోధన పత్రం వేశారు. ఇసుక మీదా ఇసుక కిందా కాదు, రేణువుకీ రేణువుకీ మధ్య, ఆ సందులో ఉండే తడిలో. మిల్లీమీటరులో ఎన్నో వంతో ఉండే పురుగులు, రొయ్యల బంధువులైన క్రస్టేసియన్లు, ఇంకా కంటికి కనబడని ఏవేవో. మనం ఆర్.కె. బీచిలో మురీ మిక్చర్ తింటూ కూర్చునే ఇసుక, ప్రపంచంలో శాస్త్రజ్ఞులు ఉదహరించే ఇసుక. ఈ సంగతి చెప్పే బోర్డు బీచిలో నాకెక్కడా కనబడలేదు, సబ్‌మెరైన్‌కీ విమానానికీ మాత్రం మ్యూజియంలు ఉన్నాయి.

మేష్టారు ఒకసారి పాత మైక్రోస్కోపు తెచ్చి, చెంచాడు తడి ఇసుక కడిగిన నీళ్ళు దాని కింద పెట్టారు. పక్కనే మురీ మిక్చర్ బండి అతను వచ్చి చూశాడు. సన్నటి దారంలాంటిదొకటి మెలికలు తిరుగుతోంది. అతను మొదట అడిగిన ప్రశ్న: "ఇవి కుడతాయాండీ?" రెండో ప్రశ్న: "ఇక్కడ పారబోసే సబ్బు నీళ్ళకి చస్తాయా?" పర్యావరణం మీద పెట్టిన ఎన్నో సెమినార్లలో రెండో ప్రశ్న అంత సూటిగా ఎవరైనా అడగ్గా నేను వినలేదు.

జాలరిపేట ఆడవాళ్ళ సంగతి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కార్యక్రమాల్లో వాళ్ళని అలంకారంగా కూర్చోబెట్టడం ఆనవాయితీ. "గంగపుత్రుల సముద్ర జ్ఞానం" అని ఉపన్యాసం ఇచ్చి, వాళ్ళకి శాలువా కప్పి, ఫొటో తీసి పంపేస్తారు. మా దగ్గర శాలువా లేదు. ఆదివారం పొద్దున్న చేపలమ్మేవాళ్ళకి వారంలో మంచి బేరం ఉండే పూట. ఆ పూట మా కోసం వస్తే వాళ్ళకి నష్టం. అంచేత చందాల్లోంచి ఆ పూట సంపాదన ఇస్తాం. దీనికి గ్రూపులో ఒకరిద్దరు నొచ్చుకున్నారు, ప్రేమతో చేసే పనిలో డబ్బేమిటని. కవులకి ప్రేమ సెలవురోజున వస్తుంది, వాళ్ళకి ఆదివారం సెలవు కాదు.

వాళ్ళు వింటారు, విని మేష్టారి కంటే నిర్దాక్షిణ్యంగా తప్పు పడతారు. ఒకాయన ఆగ్రహంతో ఊగిపోయే సముద్రం మీద రాస్తే అందులో పెద్దావిడ, "కోపం ఏటి బాబూ దానికి? మనమేటైనా అన్నామా? నీరు తిరిగే ఏళ అది. ఆ ఏళకి మావోళ్ళు తెప్ప దింపరు" అంది. మరోసారి ఎండాకాలం మొదట్లో ఆవిడే, ఎండలు ముదిరే ముందు నీరు సల్లబడతాది, అప్పుడు చేప ఒడ్డుకొస్తాది అని చెప్పింది. మేష్టారు నిటారుగా లేచి కూర్చున్నారు. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన లఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఇదే వాల్తేరులో కూర్చుని ఆ సంగతి మీదే పనిచేశాడు. తీరం వెంబడి వీచే గాలికి పైనున్న వెచ్చటి నీరు ఒడ్డు నుంచి సముద్రంలోకి జరిగిపోతే, దాని చోట్లోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది, దానితో పాటు పోషకాలూ వస్తాయి, వాటి వెంట చేపలు. బయట ఎండ, లోపల చల్లటి నీరు. ఆవిడ చెప్పిన మాటని అలాగే నాలుగు పాదాలుగా విరిచి రాసుకున్నాం, కింద ఆవిడ పేరే పెట్టాం.

తాబేళ్ళ దగ్గర మాత్రం వాళ్ళకీ మాకూ వాదన అయింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన బీచుల్లో గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్ళు గుడ్లు తీసుకెళ్ళి కంచె వేసిన ఇసుకలో పూడుస్తారు, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలొస్తాయి, సముద్రంలోకి వదులుతారు, అందరూ వీడియోలు తీస్తారు. అదే నెలల్లో చచ్చిన పెద్ద తాబేళ్ళు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అవి ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాల్సిన జీవులు, ట్రాలర్ (వల ఈడ్చుకుంటూ పోయే పెద్ద మరబోటు) వలలో ఇరుక్కుంటే మునిగి చస్తాయి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోయాక మొదలవుతుంది. దీని మీద కవిత రాయమంటే పదిమందిలో తొమ్మిదిమంది తల్లి ప్రేమ మీద రాస్తారు. తల్లి తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. పిల్లల్ని ఎప్పుడూ చూడదు. వాటిలో ఎన్ని ఆడవో ఎన్ని మగవో నిర్ణయించేది ఇసుక వేడి, వేడెక్కువైతే ఆడపిల్లలెక్కువ. ఈ వివరం విని జాలరిపేట పెద్దావిడ చాలాసేపు నవ్వింది, కారణం మాత్రం చెప్పలేదు. వలల మాట వచ్చేసరికి నవ్వు పోయింది. తప్పంతా మాదేనని రాస్తారా అంది. మా ఇంటి తెప్పకి ట్రాలర్ ఇంజనుందా, వలలో పడ్డ తాబేలుని మావోళ్ళు వల కోసి వదలడం మీరెప్పుడైనా చూశారా అంది. ఆ రోజు ఎవరి కవితా పూర్తవలేదు. ట్రాలరు, తెప్ప, వేట నిషేధం తారీఖులు, ఇవి విడివిడిగా తెలియకుండా "మనిషి రాక్షసుడు" అని రాస్తే ఆ రాక్షసుడికి ఎప్పుడూ పేదవాడి ముఖమే వస్తుంది. కవితలో తప్పు వివరం పడితే నష్టం జీవికే కాదు.

సప్తపర్ణి మీద కూడా రాయాలనుంది, క్లుప్తంగా చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊళ్ళో చెట్లు పడిపోయాక త్వరగా పెరుగుతుందని ఆ చెట్టు చాలాచోట్ల నాటారు. ఇప్పుడు అవి పెద్దవై చలికాలం ముందు పూస్తుంటే, సాయంత్రమయ్యేసరికి ఆ ఘాటు వాసనకి తలనొప్పి, ఆయాసం అని వీధుల్లో ఫిర్యాదులు. మాలో కవులు పరిమళం పార్టీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు నరికెయ్యాలనే పార్టీ. బోటనీ పిల్లలు చెప్పేదాకా ఆ వాసన మన కోసం కాదనీ, చీకటిపడ్డాక తిరిగే పురుగుల్ని పిలవడానికనీ ఎవరికీ తట్టలేదు. ఒకే రకం చెట్టుని వీధంతా వరసగా నాటినవాళ్ళది తప్పా, పూసిన చెట్టుదా అన్నది వేరే వాదన. దాని మీద విడిగా రాస్తాను.

ఈమధ్య ఒక కంపెనీవాళ్ళు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. మా కవితలు బీచి రోడ్డు గోడల మీద రంగుల్లో రాయిస్తారట, కింద వాళ్ళ లోగో. మైక్రోస్కోపు కూడా కొనిస్తారట. అన్నీ చదివి, బార్నకిల్ కవిత "కొంచెం అర్థం కావట్లేదు" అన్నారు. తాబేలు మీద అసంపూర్తిగా ఉన్నవి "నెగటివ్"గా ఉన్నాయన్నారు. చివర్లో మొక్క నాటమనో ప్లాస్టిక్ వాడొద్దనో ఒక లైను కలపగలరా అని అడిగారు.

నేను వద్దన్నాను. బార్నకిల్ కవిత చివర మొక్క నాటండి అని ఎలా కలుపుతాం? దానికి మొక్కతో ఏం సంబంధం? మేష్టారు మాత్రం నాకు ఎదురుతిరిగారు. గోడ మీద ఏ నినాదం రాసుకున్నా ఆయనకి అభ్యంతరం లేదట, పాత మైక్రోస్కోపు లెన్సుకి బూజు పట్టింది, పిల్లలకి కొత్తది కావాలి, సిద్ధాంతాలు కవులు చూసుకోండి అంటారు. బ్యాంకావిడ తన కవితలో ఒక్క అక్షరం మార్చనంటోంది. పెద్దావిడ తన నాలుగు పాదాలూ గోడ మీద వేస్తే ఎంతిస్తారని అడిగింది, అది నాకు అందరికంటే న్యాయమైన ప్రశ్నగా తోచింది, కంపెనీవాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు. ఈలోగా మంచి మైక్రోస్కోపు ధర కనుక్కుని గ్రూపులో పెట్టాను, చందాలు వేసుకుంటే ఎన్ని నెలలు పడుతుందో లెక్క కడుతున్నారు.